గాలి ఊరికే రాదు!

సూపర్‌చార్జర్, టర్బోచార్జర్... రెండూ ఇంజన్‌కి గాలి ఊదేవే. మరి తేడా ఎక్కడ? అరకు ఘాట్‌లో ఓ లారీ వెనక నాకు తెలిసొచ్చిన సంగతి ఇది.

శృంగవరపుకోట దాటి అరకు ఘాట్ ఎక్కుతున్నాం. నేను డ్రైవింగ్ సీట్లో, పక్కన నాన్న, వెనక అమ్మ. ఆవిడ ఒళ్లో పులిహోర డబ్బా. కారు కొని అప్పటికి మూడు వారాలు. డీజిల్ హ్యాచ్‌బ్యాక్, సెకండ్ హ్యాండ్. అయితేనేం, టర్బో బండి అని ఆఫీసులో అందరికీ చెప్పుకున్నా.

అనంతగిరి దాటాక ముందు ఓ లారీ తగిలింది. నడక కంటే కాస్త వేగంగా వెళ్తోందంతే. పది నిమిషాలు దాని వెనకే పాకాం. రోడ్డు కొంచెం తిన్నగా కనిపించగానే ఇండికేటర్ వేసి కుడివైపుకి వచ్చా. మూడో గేరు. ఆర్‌పీఎం ముల్లు 1400 దగ్గర ఉంది. యాక్సిలరేటర్ మొత్తం తొక్కేశా.

ఏమీ జరగలేదు.

నిజంగానే ఏమీ జరగలేదు. ఒకటి... రెండు... లారీ సగం దాకా వచ్చామో లేదో, ఎదురు మలుపులోంచి బస్సు తేలింది. బ్రేకు తొక్కి మళ్లీ లారీ వెనక్కి దూరా. సరిగ్గా కాలు తీస్తున్న ఆ క్షణంలో ఇంజన్‌కి ఎక్కడలేని ఊపు వచ్చింది. కావలసినప్పుడు రాని పికప్, అక్కర్లేనప్పుడు వచ్చింది. బస్సు డ్రైవర్ తిట్టుకుంటూ వెళ్లిపోయాడు. వెనక నుంచి అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. అది తిట్టడం కంటే భయంగా ఉంది.

గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర ఆపాను. నాన్న దిగి, బానెట్ వైపు ఓసారి, నా వైపు ఓసారి చూశారు.

“ఏటైందిరా? తొక్కితే వెళ్లాలి కదా బండి?”

“టర్బో నాన్నా... కాస్త లేటుగా అందుకుంటుందట.”

“ఎందుకు లేటు? ఇంజనీరింగ్ చదివావు కదా, చెప్పు.”

“మాది సీఎస్‌ఈ నాన్నా.”

ఆయన నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. నలుగురికి గొప్పగా చెప్పుకున్న ఆ ముక్క లోపల ఏం చేస్తుందో నాకు తెలియదు. ఆ తెలియకపోవడం వల్లే ముగ్గురం బస్సు ముందుకి వెళ్లాం.

ఆ రాత్రి అరకులో హోటల్ గదిలో కూర్చుని చదవడం మొదలుపెట్టా. ‘సూపర్‌చార్జర్’ అని కొడితే ముందు టెస్లా చార్జింగ్ స్టేషన్లు వచ్చాయి. వాటికీ దీనికీ సంబంధం లేదు. అది కరెంటు ఎక్కించే చోటు. మనం మాట్లాడుకునేది గాలి ఎక్కించే యంత్రం గురించి.

ఇంజన్ తినేది గాలే

ఇంజన్ పెట్రోల్ తాగుతుందని అంటాం. అసలు ఎక్కువగా తినేది గాలి. ఒక కిలో పెట్రోల్ సరిగ్గా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. అంటే బంకులో పోయించుకున్న ప్రతి లీటర్‌కీ దాదాపు 9 వేల లీటర్ల గాలి! ఎక్కువ పెట్రోల్ పంపడం ఇంజన్‌కి తేలికే, చిన్న పంపు చాలు. కానీ దానికి తగ్గ గాలి దొరక్కపోతే ఆ పెట్రోల్ మండదు, నల్లటి పొగై పోతుంది.

మామూలు ఇంజన్ గాలిని తనంతట తానే పీల్చుకుంటుంది. పిస్టన్ కిందికి దిగినప్పుడు సిలిండర్‌లో ఎంత ఖాళీ ఏర్పడితే అంతే. ఇంకా ఎక్కువ గాలి కావాలంటే రెండే దారులు. ఒకటి, ఇంజన్ సైజు పెంచడం. రెండోది, బయటి నుంచి గాలిని నొక్కి ఊదడం.

కమ్మరి కొలిమి చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. తిత్తి నొక్కితే బొగ్గులు భగ్గుమంటాయి. కట్టెల పొయ్యి దగ్గర అమ్మమ్మ చేతిలో ఊదుగొట్టం చేసేదీ అదే పని. ఇంజన్‌కి అలాంటి తిత్తే సూపర్‌చార్జర్, అలాంటి తిత్తే టర్బోచార్జర్. తేడా అంతా ఆ తిత్తిని ఎవరు నొక్కుతున్నారన్నదే.

సూపర్‌చార్జర్: ఇంజన్ జేబులోంచే ఖర్చు

సూపర్‌చార్జర్‌ని ఇంజనే తిప్పుతుంది. క్రాంక్ షాఫ్ట్‌కి ఒక బెల్టు (కొన్నిట్లో గేర్లు) కట్టి, ఆ బెల్టుతో గాలి పంపుని తిప్పుతారు. ఇంజన్ తిరిగినంతసేపూ అదీ తిరుగుతూనే ఉంటుంది. అందుకే తొక్కిన వెంటనే గాలి అందుతుంది. ఎదురుచూపు ఉండదు.

దీని చరిత్రలో ఒక తమాషా ఉంది. ఇప్పటికీ వాడే ‘రూట్స్’ రకం బ్లోయర్‌కి 1860లో అమెరికాలోని ఇండియానాకి చెందిన రూట్స్ సోదరులు పేటెంట్ తీసుకున్నారు. అప్పటికి కారే లేదు. అది లోహం కరిగించే కొలిములకి, గనుల్లోకి గాలి ఊదడానికి పనికొచ్చింది. అంటే కొలిమి తిత్తి పోలిక నేను కల్పించింది కాదు, చరిత్రే ఇచ్చింది. 1921లో మెర్సిడెస్ వాళ్లు బెర్లిన్ మోటార్ షోలో సూపర్‌చార్జర్ ఉన్న కార్లు చూపించారు. పాత మెర్సిడెస్ కార్ల వెనక ‘కొంప్రెసర్’ అని బ్యాడ్జీ చూశారా? అది ఇదే.

మరి ఇంత బాగుంటే అందరూ ఇదే వాడొచ్చు కదా? ఇక్కడే బిల్లు వస్తుంది. పంపుని తిప్పే బలం చక్రాలకి పోవాల్సిన బలంలోంచే తీయాలి. అమెరికన్ కారు డాడ్జ్ చాలెంజర్ హెల్‌క్యాట్‌నే తీసుకోండి. 6.2 లీటర్ల వీ8 ఇంజన్, 707 హార్స్‌పవర్. పూర్తిగా తొక్కినప్పుడు దాని సూపర్‌చార్జర్ ఒక్కదాన్ని తిప్పడానికే సుమారు 80 హార్స్‌పవర్ పోతుంది. మన దగ్గర ఒక మామూలు హ్యాచ్‌బ్యాక్ ఇంజన్ మొత్తం బలం అంతే! తెచ్చేది అంతకంటే చాలా ఎక్కువ కాబట్టి లాభమే. కానీ ఆ ఖర్చు పెట్రోల్ రూపంలో పోతూనే ఉంటుంది.

బైకుల పిచ్చి ఉన్నవాళ్లకి కవాసాకీ నింజా హెచ్2 గుర్తుండే ఉంటుంది. 998 సీసీ ఇంజన్‌తో 2015లో వచ్చినప్పుడే 200 హార్స్‌పవర్ ఇచ్చింది. అందులో ఉన్నది సూపర్‌చార్జరే, గేర్లతో తిరుగుతుంది. బైకు మలుపులో వాలి ఉన్నప్పుడు బలం ఆలస్యంగా, ఒక్కసారిగా వస్తే ఏమవుతుందో ఊహించుకోండి. రెండు చక్రాల మీద మైలేజీ కంటే చెప్పినట్టు వినడమే ముఖ్యం.

టర్బో: పారేసే పొగతో పని

ఇప్పుడు రెండో తిత్తి. పెట్రోల్‌లో ఉన్న శక్తి మొత్తం చక్రాలకి చేరదు. సుమారు మూడో వంతు వేడి పొగగా సైలెన్సర్‌లోంచి బయటికి పోతుంది. దాన్ని పట్టుకోవచ్చు కదా అని స్విట్జర్లాండ్ ఇంజనీర్ ఆల్ఫ్రెడ్ బూషీ ఆలోచించాడు. 1905లో పేటెంట్ తీసుకున్నాడు.

టర్బోలో ఒకే షాఫ్ట్‌కి రెండు చివర్లా రెండు బుల్లి చక్రాలు ఉంటాయి. ఒకటి పొగ దారిలో, రెండోది గాలి దారిలో. జాతరలో కొనిచ్చే కాగితం గాలిపంకాని మూతి దగ్గర పెట్టుకుని ఊదితే తిరుగుతుంది కదా, అలా వేడి పొగ మొదటి చక్రాన్ని తిప్పుతుంది. షాఫ్ట్ ఒకటే కాబట్టి రెండోదీ తిరిగి, బయటి గాలిని పీల్చి ఇంజన్‌లోకి నొక్కుతుంది. బెల్టు లేదు. పారేసే దానితోనే పని.

మరీ ఉచితం అనుకోకండి. పొగ దారికి చక్రం అడ్డం పడుతుంది కాబట్టి దాన్ని బయటికి నెట్టడానికి పిస్టన్ కొంచెం ఎక్కువ కష్టపడాలి. అయినా బెల్టుతో తిప్పడం కంటే ఇది చాలా చవక.

అసలు ధర వేరేచోట ఉంది. టైం! పొగ ఎక్కువ వస్తేనే చక్రం తిరుగుతుంది. చక్రం తిరిగితేనే గాలి వస్తుంది. గాలి వస్తేనే ఎక్కువ ఇంధనం మండి, ఎక్కువ పొగ వస్తుంది. తక్కువ ఆర్‌పీఎంలో ఈ గొలుసు మొదలవడానికి కాస్త టైం పడుతుంది. మొదలైతే ఇక ఆగదు. ఆ మధ్యలో ఉండే ఖాళీ పేరే ‘టర్బో ల్యాగ్’. నేను లారీ పక్కన లెక్కపెట్టిన ఒకటి, రెండు అదే.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే, సూపర్‌చార్జర్ ఎప్పుడూ ఆన్‌లో ఉండే సర్వర్. రిక్వెస్ట్ రాగానే జవాబిస్తుంది, కానీ ఎవరూ వాడకపోయినా బిల్లు వస్తుంది. టర్బో అవసరమైనప్పుడు లేచే సర్వర్. బిల్లు తక్కువ, కానీ నిద్ర లేవడానికి టైం తీసుకుంటుంది. ఆఫీసులో ఈ లెక్క రోజూ వేస్తా. నా కారు గురించి మాత్రం ఎప్పుడూ వేసుకోలేదు.

ఇంకో మాట. రెండిట్లో ఏదైనా గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిల్‌కి గాలి కొట్టాక పంపు పట్టుకుంటే చురుక్కుమంటుంది కదా, అదే. వేడి గాలి పలచన, పైగా పెట్రోల్ ఇంజన్‌లో నాకింగ్ భయం. అందుకే మధ్యలో ‘ఇంటర్‌కూలర్’ అనే చిన్న రేడియేటర్ పెట్టి గాలిని చల్లబరుస్తారు.

కొండ ఎక్కితే ఎవరు గొప్ప?

మేం ఆగిన చోటి పేరు గాలికొండ. గాలి బాగా వీస్తుంది. కానీ ఇంజన్ లెక్కలో ఎత్తుకి వెళ్లేకొద్దీ గాలి తగ్గుతుంది. ప్రతి 1000 మీటర్లకీ సుమారు పది శాతం పలచబడుతుంది. మామూలు ఇంజన్ ఆ మేరకు నీరసపడిపోతుంది. టర్బో మాత్రం ఇంకాస్త వేగంగా తిరిగి ఆ లోటు చాలావరకు పూడుస్తుంది.

ఈ సంగతి కార్ల కంటే ముందు విమానాల వాళ్లకి అవసరమైంది. 1918లో అమెరికా ఇంజనీర్ శాన్‌ఫర్డ్ మాస్ ఒక విమాన ఇంజన్‌ని టర్బోతో సహా కొలరాడోలోని పైక్స్ పీక్ కొండ మీదికి, 14 వేల అడుగుల ఎత్తుకి మోసుకెళ్లి నడిపి చూపించాడు. కింద ఇచ్చినంత బలం అక్కడా వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ స్పిట్‌ఫైర్ సూపర్‌చార్జర్‌తో, అమెరికా థండర్‌బోల్ట్ టర్బోతో ఎగిరాయి. అన్నట్టు, అప్పట్లో టర్బోని ‘టర్బో సూపర్‌చార్జర్’ అనేవారు. రెండూ ఒకే ఇంటి పిల్లలు.

రెండూ కలిపి పెట్టినవాళ్లూ ఉన్నారు. 1985 లాన్సియా డెల్టా ఎస్4 ర్యాలీ కారులో కింద ఆర్‌పీఎంలో సూపర్‌చార్జర్, పైన టర్బో. 2005లో ఫోక్స్‌వ్యాగన్ అదే కిటుకుని 1.4 లీటర్ల ఇంజన్‌తో గోల్ఫ్‌లోకి తెచ్చింది. రెండూ ఉంటే ఖర్చూ, రిపేర్లూ కూడా రెండింతలే కదా. అందుకే అది నిలవలేదు.

మన రోడ్ల మీద టర్బోనే ఎందుకు?

మన దేశంలో మధ్యతరగతి కొనే కార్లలో సూపర్‌చార్జర్ దాదాపు కనిపించదు. టర్బో మాత్రం వీధికొకటి. దీనికి మైలేజీ ఒక కారణమైతే, పన్ను ఇంకో కారణం. పొడవు 4 మీటర్లు దాటకుండా, పెట్రోల్ ఇంజన్ 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ మించకుండా ఉంటే చిన్న కారు కింద లెక్క. 2025 సెప్టెంబర్ 22 నుంచి వీటి మీద జీఎస్టీ 18 శాతం, అంతకంటే పెద్దవాటి మీద 40 శాతం. ఇంజన్ సైజు పెంచితే పన్ను పెరుగుతుంది. గాలి పెంచితే పెరగదు!

హ్యుందాయ్ వెన్యూలో ఈ లెక్క కళ్లకు కనిపిస్తుంది. అందులో 1.2 లీటర్ల మామూలు పెట్రోల్ ఇంజన్ 83 పీఎస్ ఇస్తే, 1 లీటర్ టర్బో ఇంజన్ 120 పీఎస్ ఇస్తుంది. ఇంజన్ చిన్నది, బలం పెద్దది. డీజిల్ కార్లలో అయితే ఇప్పుడు టర్బో లేనిది వెతికినా దొరకడం కష్టం.

‘పని అయిపోనాది బాబూ’

ఊరు తిరిగొచ్చాక కారుని మా వీధి చివర షెడ్డుకి తీసుకెళ్లా. మెకానిక్ బాబాయ్ ఇంజన్ స్టార్ట్ చేసి, తల వంచి విన్నాడు. దూరంగా అంబులెన్స్ వస్తున్నట్టు సన్నగా ఈల. నేను అది ‘టర్బో సౌండ్’ అని మురిసిపోయేవాడిని. ఆయన గాలి పైపు ఊడదీసి, లోపలి చక్రాన్ని రెండు వేళ్లతో పట్టుకుని ఊపాడు. టకటకా ఆడింది. పైపు నిండా నూనె జిడ్డు.

“దీని పని అయిపోనాది బాబూ. ఆయిల్ చూడు, తారులాగుంది. ముందు ఓనరు మార్చినట్టు లేదు.”

టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్షన్నర, రెండు లక్షల సార్లు తిరుగుతుంది. ఒకవైపు ఎర్రగా కాలే పొగ, ఇంకోవైపు చల్లటి గాలి. మధ్యలో దాన్ని నిలబెట్టేది పల్చటి ఆయిల్ పొర ఒక్కటే. ఆ ఆయిల్ పాతబడి చిక్కబడితే బేరింగ్ అరిగిపోతుంది. రిపేరుకి 32 వేలు అయ్యింది.

“అయితే ఘాట్‌లో తప్పు నాది కాదన్నమాట,” అన్నా కాస్త ధైర్యంగా.

“సగం దీనిది, సగం నీది. కొత్త టర్బో అయినా మూడో గేర్లో 1400 మీద నిద్రలోనే ఉంటది. రెండో గేరు వేసుండాల్సింది.”

ఆ మాట రిపేరు బిల్లు కంటే ఎక్కువ తగిలింది. ఎందుకంటే అది నిజం.

టర్బో మన దగ్గర మూడో ధర కూడా వసూలు చేస్తుంది, అది శ్రద్ధ. ఇది ఇవాళ్టి కథ కాదు. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అనే కారు వచ్చింది. టర్బోతో అమ్మకానికి వచ్చిన తొలి కార్లలో అదొకటి. నాకింగ్ రాకుండా అందులో నీళ్లు, మెథనాల్ కలిపిన ద్రవం ఎప్పటికప్పుడు నింపాలి. చాలామంది ఓనర్లు నింపేవారు కాదు. చివరికి కంపెనీయే టర్బో తీసేసి మామూలు కార్బురేటర్ పెట్టిస్తామని చెప్పాల్సి వచ్చింది.

టర్బో బండి ఉంటే ఇవి గుర్తుపెట్టుకోండి

* ఆయిల్ టైంకి మార్చండి. మాన్యువల్‌లో చెప్పిన గ్రేడే వాడండి. చవకది వద్దు.
* స్టార్ట్ చేసిన వెంటనే రేజ్ చేయొద్దు. ఆయిల్ టర్బో దాకా చేరనివ్వండి.
* హైవే మీద గట్టిగా తోలాక, ఘాట్ ఎక్కాక వెంటనే ఆపేయొద్దు. ఒక నిమిషం ఐడ్లింగ్‌లో ఉంచండి. వేడి టర్బోలో ఆగిపోయిన ఆయిల్ మాడి మసి అవుతుంది. సిటీలో మెల్లగా తిరిగి ఇంటికొస్తే ఇంతసేపు అక్కర్లేదు.
* పెద్ద గేరులో, తక్కువ ఆర్‌పీఎంలో యాక్సిలరేటర్ మొత్తం తొక్కొద్దు. ముందు గేరు తగ్గించండి. ఓవర్‌టేక్ మొదలుపెట్టేముందే టర్బో మేలుకుని ఉండాలి.
* సెకండ్ హ్యాండ్ కొంటుంటే సర్వీస్ రికార్డు అడగండి. నీలం పొగ, కొత్తగా మొదలైన ఈల, గాలి పైపులో ఎక్కువ నూనె ఉంటే మెకానిక్‌కి చూపించకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

ల్యాగ్ తగ్గించడానికి కంపెనీలూ ఊరుకోలేదు. పొగ తగిలే కోణాన్ని మార్చుకునే టర్బోలు చాలా ఏళ్లుగా ఉన్నాయి. 2016లో ఆడి ఎస్‌క్యూ7లో గాలి ఊదే పనికి ఒక కరెంటు మోటార్‌ని తోడు పెట్టింది. ఇక పూర్తి కరెంటు కార్లకి ఈ గొడవే లేదు, వాటికి పీల్చే గాలే అక్కర్లేదు. కానీ మన ఇళ్ల ముందు ఇప్పుడున్న లక్షల టర్బో బండ్లు ఇంకా చాలా ఏళ్లు తిరుగుతాయి.

మొన్న మళ్లీ అరకు వెళ్లాం. అదే ఘాట్, ఇంకో లారీ. ఈసారి రెండో గేరులో ఉన్నా, ముల్లు 2200 దగ్గర. రోడ్డు కనిపించినంత మేర ఖాళీయే, కానీ మలుపు అవతల ఏముందో తెలియదు. వెళ్లలేదు. తొందరేం లేదనిపించింది. బాగా ముందుకి కనిపించే చోటు వచ్చాక దాటాను. తొక్కిన వెంటనే బండి అందుకుంది.

గాలికొండ దగ్గర ఆపి, తాళం తిప్పబోయాను. నాన్న చెయ్యి అడ్డం పెట్టారు.

“ఉండరా. ఒక నిమిషం తిరగనీ.”

ఆయనకి ఎవరు చెప్పారో అడగలేదు. అమ్మ మాత్రం పులిహోర డబ్బా మూత తీస్తూ, “ఆ నిమిషం అయ్యాకే పెడతాను,” అంది.